నరసింహం ఎవరి తాలూకు?



మనిషి పోయాక కూడా ఆయన పేరు ఊళ్ళో నిలవాలని కోరుకునేవాళ్ళు స్మారకోపన్యాసాలు ఏర్పాటు చేస్తారు. కాబట్టి ఇలాంటి వేదిక మీద పేరు గురించే మాట్లాడటం సందర్భానికి తగిన పని. పేర్లన్నిటినీ తడమబోవడం లేదు. ఒక్క మగపేరు తీసుకుంటాను: నరసింహం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఈ పేరు ఏదో ఒక రూపంలో తగలని ఊరు అరుదు. నరసింహం, లక్ష్మీనరసింహం, నరసింహమూర్తి, నరసింహారావు, నరసింహరాజు, నరసింహస్వామి, నరసయ్య, నరసన్న, ఇలా దాని రూపాలు చాలా ఉన్నాయి. దీని అర్థమేమిటి, ఇది ఎక్కడ పుట్టింది అని అడిగితే నిఘంటువు దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉంది. నరుడు, సింహం అనే రెండు సంస్కృత పదాలు కలిసి నరసింహుడయ్యాడు, అది విష్ణువు నాలుగో అవతారం పేరు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఇది మాటకు చెప్పిన అర్థం. బారసాల నాడు బియ్యంలో ఆ అక్షరాలు రాసిన తండ్రి మనసులో ఉన్నది మనిషీ కాదు, మృగమూ కాదు. ఆయన మనసులో ఉన్నది ఫలానా గుడి, ఫలానా మొక్కు, లేదా ఫలానా తాతగారు.

నా వాదం ఇది. మనవైపు మగపేర్లలో ఎక్కువ భాగం ఒక గుణాన్ని వర్ణించడానికి పుట్టినవి కావు, ఒక సంబంధాన్ని చాటడానికి పుట్టినవి. కొత్త మనిషి ఎదురైతే మన పెద్దలు ‘ఎవరి తాలూకు?’ అని అడుగుతారు. పేరు కూడా మొదట ఆ ప్రశ్నకే జవాబిస్తుంది. అందువల్ల పేరు పుట్టుకను వెతికేటప్పుడు మూడు విషయాలు విడదీసుకోవాలి. మాట ఏ భాషలో పుట్టింది అన్నది ఒకటి. ఆ మాట మనుషులకు పెట్టే పేరుగా ఎక్కడ, ఎలా మారింది అన్నది రెండోది. ఈ ఇంట్లో ఈ బిడ్డకు దాన్ని ఎందుకు పెట్టారు అన్నది మూడోది. మన పేర్ల పుస్తకాలు మొదటిదానితో ఆగిపోతాయి. అసలు అర్థం రెండో మెట్టు మీద మొదలై మూడో మెట్టు మీద పూర్తవుతుంది.

కోనసీమలో నరసింహం అనే పేరుకు చిరునామా వెతకడం కష్టం కాదు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, సఖినేటిపల్లి మండలం అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. ఇప్పుడు మనం చూసే ఆలయం కొపనాతి కృష్ణమ్మ గారి పోషణలో 1823 నాటికి పూర్తయింది. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. ఆ రెండు రోజులూ కోనసీమ దారులన్నీ అంతర్వేదికే పోతాయి. 2020 సెప్టెంబరులో స్వామివారి రథం కాలిపోతే రాష్ట్రమంతా అట్టుడికింది, మరుసటి ఏడాది ఉత్సవానికి కొత్త రథం తయారైంది. స్థలపురాణం ప్రకారం వశిష్ఠ మహర్షి కోరిక మీద స్వామి ఇక్కడ రక్తవిలోచనుణ్ణి సంహరించాడు. తర్వాత కాలంలో ఆవుపాలు పుట్ట మీద ధారగా పడటం చూసి విగ్రహాన్ని కనిపెట్టినవాడు కేశవదాసు అనే పశువుల కాపరి. పక్కనే ఉన్న కేశవదాసుపాలెం ఆయన పేరు మీద వెలిసిన ఊరేనని అక్కడివాళ్ళు చెబుతారు. బిడ్డలు దక్కని ఇంటివాళ్ళు, సముద్రం మీదికి వేటకు పోయేవాళ్ళు, పంట చేతికి రావాలని కోరుకునే రైతులు ఈ స్వామికి మొక్కుకున్నారు. మొక్కు తీరినప్పుడు పుట్టువెంట్రుకలు ఇచ్చారు, పుట్టినవాడికి స్వామి పేరు పెట్టారు. ఆ ఇంట్లో నరసింహం అంటే అంతర్వేది స్వామి ఇచ్చిన బిడ్డ అని అర్థం.

ఇక్కడే ఒక అభ్యంతరం ఎదురవుతుంది. నరసింహం పేరు తెలుగుదేశమంతా ఉంది, దాన్ని అంతర్వేదికి కట్టేయడం ప్రాంతాభిమానం కాదా అని అడగవచ్చు. నిజానికి తెలుగుదేశమంతా చూస్తేనే నా వాదానికి బలం వస్తుంది. సింహాచలం చుట్టుపక్కల ఇదే దేవుడు అప్పన్న. అక్కడి బిడ్డలు అప్పన్నలు, అప్పలనరసయ్యలు, సింహాచలాలు, సింహాద్రులు. మంగళగిరిలో స్వామికి పానకం పోస్తారు కాబట్టి అక్కడి బిడ్డలు పానకాలు, పానకాలరావులు. అహోబిలం చుట్టూ రాయలసీమలో ఓబయ్యలు, ఓబులేసులు, ఓబులరెడ్లు. యాదగిరిగుట్ట స్వామిని నమ్ముకున్న తెలంగాణ ఇళ్ళలో యాదగిరులు, యాదయ్యలు. ఈ పేర్లను నిఘంటువులో వెతికితే ఒకటి తండ్రి అంటుంది, ఒకటి కొండ అంటుంది, ఒకటి బెల్లపు నీళ్ళు అంటుంది, ఒకటి గుహ అంటుంది. ఒకదానికొకటి పొంతన కుదరదు. అయినా వీళ్ళందరి పేర్లలో ఉన్న దేవుడు ఒక్కడే. అర్థం మాటలో ఉంటే ఇవి నాలుగైదు వేరువేరు పేర్లు. అర్థం సంబంధంలో ఉందనుకుంటే ఇవన్నీ ఒకే పేరుకు ప్రాంతాల వారీ రూపాలు. పానకాలు అని కొడుకును పిలిచే తల్లికి ఆ ఒకే పేరు సంగతి బాగా తెలుసు, తెలియనిది నిఘంటువుకే.

ఈ పేరు మొదటినుంచీ ఇంత సంస్కృతంగా పలికిందీ లేదు. మన పాత కవుల పేర్లు చూడండి: తిక్కన, కేతన, మారన, ఎఱ్ఱన, సోమన. ఆ వరసలోనే సింగన ఉంది. సింహం తెలుగు నోట సింగమయింది, సింగమే సింగన, సింగయ, సింగరాయలయింది. సకలనీతిసమ్మతం కూర్చిన మడికి సింగన, పోతన భాగవతంలో షష్ఠ స్కంధాన్ని తెలిగించిన ఏర్చూరి సింగన ఇద్దరూ నరసింహులే. ఆ షష్ఠ స్కంధంలోనే అజామిళోపాఖ్యానం ఉండటం మన చర్చకు బాగా కలిసొచ్చింది. అజామిళుడు భ్రష్టుడైన బ్రాహ్మణుడు. చావు ఘడియలో చిన్నకొడుకు మీది మమకారంతో ‘నారాయణా’ అని పిలుస్తాడు. పిలిచింది కొడుకునే అయినా విష్ణుదూతలు వస్తారు. బిడ్డకు దేవుడి పేరెందుకు పెట్టాలో మన సమాజం తనకు తాను చెప్పుకున్న సిద్ధాంతం ఈ కథలో ఉంది. నారాయణ శబ్దానికి వ్యుత్పత్తి ఏమిటో అజామిళుడికి ఆ క్షణంలో గుర్తుండనక్కర్లేదు. పేరు ఇద్దరిని కలుపుతుంది, ఒకరిని పిలిస్తే ఇంకొకరికి వినిపిస్తుంది. పేరు పనిచేసేది ఆ బంధం వల్లనేనని కథ వాదన.

మాట అర్థానికీ పేరు అర్థానికీ మధ్య దూరం ఎంత ఉండగలదో తేల్చడానికి మరికొన్ని పేర్లను పరీక్షకు పెడదాం. కొత్తపేట మండలం మందపల్లిలో శనీశ్వరుడు ప్రతిష్ఠించిన శివలింగం ఉందని ప్రతీతి. శనికి మందుడని పేరు కాబట్టి స్వామి మందేశ్వరుడు, ఆ స్వామి పేరు పెట్టుకున్నవారు మందేశ్వరరావులు. మందుడంటే నెమ్మదస్తుడు, తెలివి తక్కువవాడు అని నిఘంటువు చెబుతుంది. అది చదివి ఏ తండ్రీ ఆ పేరు పెట్టడు. శని పీడ తొలగాలని తైలాభిషేకం చేయించి పెడతాడు. అన్నవరం, సింహాచలం, భద్రాచలం, తిరుపతి ఊళ్ళ పేర్లు, అవే మనుషుల పేర్లు కూడా. పెంటయ్య, పుల్లయ్య పేర్లయితే మాట అర్థాన్ని పూర్తిగా తిరగేస్తాయి. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీదో ఎంగిలి విస్తట్లోనో ఒక్క క్షణం పడుకోబెట్టి తీసుకునేవారు. చావు కన్ను ఈ పనికిరానివాడి మీద పడదని ఆశ. ఆ పేరులో ఉన్నంత ప్రేమ ఏ రాజకుమారుడి పేరులోనూ ఉండదు. మస్తాన్‌ అనే పారసీ మాటకు మత్తులో ఉన్నవాడని అర్థం. దర్గాకు మొక్కుకున్న హిందూ ఇళ్ళలో మస్తాన్‌రావులు, మస్తానయ్యలు పుట్టారు. నాగూరు దర్గాకు మొక్కినవాళ్ళు నాగూర్‌ అని పెట్టుకున్నారు. ఈ పేర్లు మతాన్నీ పట్టించుకోలేదు, నిఘంటువునూ పట్టించుకోలేదు. మొక్కును మాత్రం వదలలేదు.

ఇది తెలుగువాళ్ళ ప్రత్యేకతేమో, దీనితో పేర్ల స్వభావం గురించి సూత్రం కట్టవచ్చునా అని సందేహం రావచ్చు. మనతో ఏ చుట్టరికమూ లేని ఒక జాతి పేరును పక్కన పెట్టి చూస్తే ఆ సందేహం తీరుతుంది. షేక్‌స్పియర్‌ మాక్‌బెత్‌ చదివినవాళ్ళకు మాల్కం రాకుమారుడు తెలుసు. హంతకుడి నుంచి రాజ్యాన్ని తిరిగి తీసుకునేది అతనే. చరిత్రలో అతను 1058 నుంచి 1093 వరకు స్కాట్లాండును ఏలిన మూడో మాల్కం. ఆ పేరుతో ఆ దేశాన్ని నలుగురు రాజులు పాలించారు. మన చరిత్రలోకి కూడా ఒక మాల్కం వచ్చాడు. 1798లో హైదరాబాదు రెసిడెంటుకు సహాయకుడిగా పనిచేసిన జాన్‌ మాల్కం స్కాట్లాండువాడే. మాల్కం అనేది గేలిక్‌ భాషలోని మగపేరు, దాని అసలు రూపం మాయెల్‌ కొలుమ్‌. మాయెల్‌ అంటే బోడి, అంటే గుండు చేయించుకున్న తల. కొలుమ్‌ అంటే పావురం, అది లాటిన్‌ నుంచి వచ్చింది. రెండూ కలిపి నిఘంటువు లెక్కన అర్థం చెబితే ‘బోడి పావురం’ అవుతుంది. నలుగురు రాజులు ఆ అర్థంతో సింహాసనం ఎక్కలేదు కదా. కొలుమ్‌ కిల్లే, లాటిన్‌లో కొలంబా, ఐర్లండు నుంచి వచ్చి 563లో అయోనా ద్వీపంలో మఠం కట్టి, 597లో అక్కడే దేహం చాలించిన సాధువు. మఠంలో చేరినవాడు తల గొరిగించుకుంటాడు కనుక బోడితల అంటే శిష్యుడు, దాసుడు. మాల్కం అంటే ‘కొలంబా స్వామికి తల ఇచ్చినవాడు’. పుట్టువెంట్రుకలు అంతర్వేదిలో ఇచ్చి నరసింహం అని పేరు పెట్టుకునే కోనసీమవాడికి ఈ పేరు విడమరచి చెప్పనక్కర్లేదు. నిఘంటువు చేతిలో నవ్వుల పాలైన పేరు, ఎవరి తాలూకు అని అడగ్గానే తెలివిగా జవాబు చెబుతోంది.

గేలిక్‌ పేర్లలో ఇలాంటివి ఒక కుటుంబమంత ఉన్నాయి. మాయెల్‌ ఈసు అంటే ఏసు దాసుడు, అది తర్వాత మాలిస్‌ అయింది. గిల్లె అంటే కుర్రవాడు, సేవకుడు. గిల్లె క్రీస్త్‌ అంటే క్రీస్తు సేవకుడు, అదే గిల్‌క్రిస్ట్‌ అయింది. ఫోర్ట్‌ విలియం కళాశాలలో హిందూస్తానీ బోధించిన జాన్‌ గిల్‌క్రిస్ట్‌ ఇంటిపేరు అదే. ఇప్పుడు మన గోదావరి డెల్టాకు రండి. 1836లో బౌడెన్‌, బీర్‌ అనే ఇంగ్లీషు మిషనరీలు ఈ ప్రాంతానికి వచ్చి, వశిష్ఠకు ఆవలి గట్టున ఉన్న నరసాపురంలో పని మొదలుపెట్టారు. ఆ తర్వాతి తరాల్లో మన మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వినిపించిన పేర్లు ఏసుదాసు, క్రీస్తుదాసు, దేవదాసు, దైవసహాయం. ఏసుదాసును గేలిక్‌లోకి మారిస్తే అక్షరాలా మాలిస్‌, క్రీస్తుదాసును మారిస్తే గిల్‌క్రిస్ట్‌. గేలిక్‌ పేర్ల సంగతి ఆ పల్లెలకు ఎవరూ చెప్పలేదు. కేశవదాసు పేరు పుట్టిన నేల మీద క్రీస్తుదాసు పేరు దానంతటదే పుట్టింది. అబ్దుల్‌, గులాం అన్న ముస్లిం పేర్లదీ ఇదే కట్టుబడి. భాషలు వేరు, దేవుళ్ళు వేరు, నేలలు వేరు. బిడ్డను ఒకరికి అప్పగించి, ఆ అప్పగింతను పేరుగా చాటే పద్ధతి మాత్రం ఒకటే. తేడా ఒక్కచోట ఉంది. పాత గేలిక్‌ సమాజం సాధువు పేరు నేరుగా పెట్టడానికి వెనకాడి ముందు ‘దాసుడు’ అని చేర్చుకునేది. మనం దేవుడి పేరునే నేరుగా బిడ్డకు పెట్టి ‘ఒరే నరసింహం’ అని పిలవడానికి జంకలేదు. కాలం గడిచాక వాళ్ళకూ చనువు పెరిగింది. ఇప్పటి గేలిక్‌లో మాల్కంను ‘కాలమ్‌’ అని సాధువు పేరుతోనే పిలుస్తారు.

ఇక నా వాదానికి ఎదురయ్యే బలమైన అభ్యంతరాలు చూద్దాం. మొదటిది: నరసింహాలలో చాలామందికి ఆ పేరు మొక్కు వల్ల రాలేదు, తాత పేరు కనుక వచ్చింది. నిజమే. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం మన ఆనవాయితీ. అందుకే ఒక ఇంటి వంశవృక్షంలో నరసింహం, సుబ్బారాయుడు, నరసింహం, సుబ్బారాయుడు అని ఒకటి విడిచి ఒక తరంలో అదే పేరు తేలుతుంది. అయితే ఇది నా వాదాన్ని కొట్టివేయదు, దానికి ఇంకో ముడి వేస్తుంది. మనవడు తాతకు చెందుతాడు, తాత స్వామికి చెందుతాడు. మామగారి పేరు నోట పలకకూడదనే మర్యాద వల్ల కోడలు ఆ పేరుతో కొడుకును పిలవలేదు. పిలవలేక తాతబ్బాయి అంది, అబ్బులు అంది, చినబాబు అంది, బుల్లియ్య అంది. గోదావరి జిల్లాల్లో తాతారావు, తాతాజీ, అబ్బులు అన్నవి బడి రిజిస్టర్లలోకీ పట్టాల్లోకీ ఎక్కిన అసలు పేర్లుగా నిలబడ్డాయి. తాతారావు అనే పేరును వ్యుత్పత్తితో వివరించబోతే నవ్వొస్తుంది, పసివాడు తాత ఎలా అవుతాడు? ఇంట్లో ఎవరి పేరును ఎవరు పలకకూడదో తెలిసినవాడికి ఆ పేరు తేలిగ్గా అర్థమవుతుంది. పేరును పలకకుండా దాటవేయడం కూడా సంబంధం నుంచే పుట్టింది.

రెండో అభ్యంతరం రాజుల నుంచి వస్తుంది. ఏడో శతాబ్దపు పల్లవ నరసింహవర్మ, కోణార్క కట్టించిన పదమూడో శతాబ్దపు గాంగ నరసింహదేవుడు, విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు ఆ పేరును పౌరుషం కోసం మోశారు కదా, అక్కడ సింహం అంటే సింహమే కదా అనవచ్చు. కొంతవరకు ఒప్పుకోవలసిందే. సింహాసనం ఎక్కినవాడి పేరులో మాట అర్థం కూడా కొలువుకు వస్తుంది, బిరుదులకూ పేర్లకూ మధ్య గీత చెరిగిపోతుంది. సామాన్యుల పేరులో కూడా అవతార కథ పూర్తిగా నిద్రపోదు. నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చింది రాజ్యం కోసం కాదు, ప్రహ్లాదుడనే పసివాడి కోసం. బిడ్డ బతకాలని మొక్కే తల్లి ఆ దేవుణ్ణే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. అయితే ఇక్కడ పనిచేస్తున్నది నర, సింహ అనే రెండు పదాల కూడిక కాదు. బిడ్డను కాపాడే దేవుడి కథ పనిచేస్తోంది. లక్ష్మీనరసింహం అనే రూపం మనవైపు అంతగా పాతుకుపోవడానికి కూడా కారణం అంతర్వేదిలో స్వామి లక్ష్మీసమేతుడై కల్యాణం చేసుకోవడమే. 1867లో ఖండవల్లిలో పుట్టిన రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి పేరులో ఉన్నది ఆ శాంతమూర్తే. హాస్యానికి పేరుపడ్డ ఆయన్ని తలుచుకుంటే సింహం ఎవరికీ గుర్తుకు రాదు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. పేరు సంబంధాన్ని చాటుతుందని మీరు మురిసిపోతున్నారు గాని, మన సమాజంలో సంబంధం అంటే తరతమ భేదం కూడా కదా అని ఒకరు నిలదీస్తే తల వంచి వినాలి. ఒకే స్వామి పేరు ఒక వీధిలో నరసింహశాస్త్రి, ఒక వీధిలో నరసింహరాజు, ఇంకో వీధిలో నరసయ్య అయింది. ఊరి చివర పల్లెకు వచ్చేసరికి, దానికి ‘గాడు’ తగిలించి పిలిచే హక్కు తమకుందని పైవాళ్ళు అనుకున్నారు. దేవుడితో బంధం పేరు మొదటి భాగంలో ఉంటే, మనుషుల మధ్య నిచ్చెన పేరు చివరి భాగంలో కూర్చుంది. మొదటి భాగం అందరికీ సమానం, రెండోది ఎవరికీ సమానం కాదు. అంచేత సంబంధం అని చెప్పినప్పుడు దాన్ని తీపి మాటగా తీసుకోకూడదు. పేరు ఎవరికి చెందుతావని చెప్పినట్టే, ఎవరి కింద ఉండాలని కూడా చెప్పింది. కాగితం మీద రావు, మూర్తి, కుమార్‌ చేరడం వెనక, బడికి పోయిన మొదటి తరం దళితులు పూర్తి పేరును పట్టుబట్టి రాయించుకోవడం వెనక ఈ రెండో భాగంతో జరిగిన పోరాటం ఉంది. ఈ విమర్శ నా వాదాన్ని సరిదిద్దుతుంది, పడగొట్టదు. పేరు వట్టి వర్ణన మాత్రమే అయితే చివరి రెండు అక్షరాల కోసం ఎవరూ అంత పట్టుబట్టేవారు కారు.

పేరు అర్థం సంబంధంలోనే ఉందనడానికి కోనసీమలో కళ్ళెదుట ఉన్న సాక్ష్యం భీమ శబ్దం. మాటగా దాని అర్థం భయంకరుడు. దాక్షారామ భీమేశ్వరుడి నీడలో ఉన్న ఊళ్ళకు భీమన్న, భీమరాజు, భీమేశ్వరరావు అంటే ఆ శివుడి బిడ్డలు. భారతం విన్న చెవులకు భీముడంటే పాండవుల్లో రెండోవాడు. 1911లో మామిడికుదురులో పుట్టి, గుడిసెలు కాలిపోతున్నాయి కావ్యానికి 1975 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న బోయి భీమన్న తరం తర్వాత, ఈ నేల మీద భీమ్‌ అనగానే భీంరావ్‌ అంబేడ్కర్‌ ముందు గుర్తొస్తాడు. ఒకే శబ్దం, ఒకే వ్యుత్పత్తి, మూడు బంధాలు. బిడ్డకు ఆ పేరు పెట్టిన ఇంటిని బట్టి తప్ప అందులో ఏది ఉద్దేశమో తెలియదు. జిల్లా పేరు విషయంలోనూ ఇదే చూశాం. 2022 ఏప్రిల్‌ 4న కోనసీమ జిల్లాగా ఏర్పడ్డ ప్రాంతానికి అంబేడ్కర్‌ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద మే నెలలో అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. ఆ పేరు ఆ ఏడాదే స్థిరపడింది. పేర్లకు అర్థాలు నిఘంటువులోనే ఉంటే ఒక ఊరు అంతగా మండదు. ఈ నేల ఎవరి తాలూకు అన్న ప్రశ్నకు జవాబు ఆ పేరులో ఉందని ఇటువాళ్ళకూ తెలుసు, అటువాళ్ళకూ తెలుసు.

చివరి అభ్యంతరం కాలానిది. ఇదంతా పాతరోజుల మాట, ఇప్పుడు తల్లిదండ్రులు అర్థం చూసే పేరు పెడుతున్నారు, పుస్తకాల్లో వెతికి, రెండు అక్షరాల్లో, ఎవరికీ లేని పేరు ఎంచుకుంటున్నారు అంటారు. మార్పు నిజం. అయితే ఆ ఎంపికను దగ్గరగా చూడండి. జన్మనక్షత్రం ఏ అక్షరం చెప్పిందో చూస్తారు. అమెరికాలో ఉన్న మేనమామకు పలకడం తేలికవ్వాలని చూస్తారు. అన్న పేరుతో చెల్లి పేరు ప్రాస కలవాలని చూస్తారు. పేరు వినగానే కులం తెలియకూడదని కొందరు, తెలియాలని కొందరు చూస్తారు. ఇవన్నీ సంబంధాలే. గుడితో, తాతతో ఉన్న ముడి వదులై, చదువుతో, వలసతో, తరగతితో కొత్త ముడి పడుతోంది. పైగా పాత ముడి పూర్తిగా తెగలేదు. పిలిచే పేరు రెండు అక్షరాలదైనా, సర్టిఫికెట్టులో దాని ముందు వీర వెంకట సత్యనారాయణో, లక్ష్మీనరసింహో పొట్టి అక్షరాలుగా కూర్చునే ఉంటాడు. అర్థం కోసం ఎంచుకున్న పేరుకు అర్థం అడిగితే తండ్రి ఫోనులో వెతికి చెబుతాడు. ముందున్న ఆ పొట్టి అక్షరాల సంగతి అడిగితే వెతకకుండా చెబుతాడు.

ఈ వాదం ఒప్పుకుంటే పేర్ల పరిశోధన చేసే పద్ధతి మారాలి. స్కాట్లాండు వాయవ్య తీరపు దీవిలో ఉన్న స్టార్నోవేలో 1754లో పుట్టిన కాలిన్‌ మెకంజీ, కావలి సోదరుల సాయంతో మన గ్రామాల కైఫీయతులు రాయించాడు. ఆయన ఇంటిపేరు గేలిక్‌లో ‘కెనెత్‌ కొడుకు’ అనే అర్థమిచ్చే పేరు, అదీ సంబంధమే. ఆ కైఫీయతులు ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగాయి. ఊరి పేరుకు జరిగిన ఆ పని మనిషి పేరుకు జరగలేదు. మన కళాశాలల తెలుగు శాఖలు పదవ్యుత్పత్తులు తవ్వడానికి పెట్టే శ్రమలో కొంత, ఊరూరా ఒక్కొక్క పేరు వెనక ఎవరి మొక్కు, ఏ తాత, ఏ దర్గా, ఏ పట్టుదల ఉందో అడిగి రాసుకోవడానికి పెట్టాలి. పాత బడి రిజిస్టర్లలో పేరు చివర ఎప్పుడు ఏ ముక్క చేరిందో, ఎప్పుడు ఏ ముక్క ఊడిందో తరాల వారీగా పోల్చి చూడాలి. ఆ పని చెప్పగల పెద్దలు ఉండగానే జరగాలి. సంస్కృత వ్యుత్పత్తిని వందేళ్ళ తర్వాతైనా పుస్తకం తెరిచి చెప్పవచ్చు. ఈ నరసింహానికి ఆ పేరు ఎందుకు పెట్టారన్నది మాత్రం ఆ ఇంటివాళ్ళను అడిగితేనే తెలుస్తుంది, వాళ్ళు పోతే మరి తెలియదు. పేరు అర్థంలో మొదట నమోదు చేయవలసిన భాగం అదే.